నాలుగో ఫుట్‌నోట్

"ఈ మాట మీరన్నదేనా?" ఇన్‌స్పెక్టర్ వ్యాసాన్ని బల్లమీద ముందుకు తోశాడు.

పాలిటిక్స్ లెక్చరర్ బాలశౌరి కళ్లజోడు పెట్టుకున్నాడు. ప్రిన్సిపాల్ గదిలో ఓ మూల అన్వరీ నిలబడి ఉంది. బి.ఏ. రెండో సంవత్సరం ఆ పిల్ల. వన్ టౌన్‌లో రేకుపెట్టెలు చేసే హుమాయూన్ కూతురు. ఆ వ్యాసం తనే రాసి యూనివర్సిటీ పోటీకి పంపింది. ఎమర్జెన్సీ వచ్చి నాలుగు నెలలు. పోటీకి వెళ్లిన కాగితాలు పోలీసులకెలా చేరాయో ఎవరికీ తెలీదు.

ఇన్‌స్పెక్టరే పైకి చదివాడు. "'ఎదురు చెప్పే నోళ్లు మూయించే ప్రభుత్వం తన చెవులు తానే కోసుకుంటుంది.' కింద నాలుగో ఫుట్‌నోట్: 'బాలశౌరి గారి క్లాసు పాఠం, ఆగస్టు పన్నెండు.' పేరూ తేదీ కూడా వేసిందండీ!"

"నేనే వెయ్యమన్నాను. ఆధారం చూపని వాక్యానికి మార్కు లేదని రోజూ చెప్తాను. పుస్తకమైతే పేజీ, పాఠమైతే తేదీ."

"అది సరే. అన్నారా, లేదా? అనలేదంటే చెప్పండి. అమ్మాయినే తీసుకెళ్లి అడుగుతాం."

బాలశౌరి ఆ పంక్తి మళ్లీ చదివాడు. అన్వరీ ఏదో చెప్పబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"అన్నాను."

ఆ మధ్యాహ్నమే ఆయన్ని జీపెక్కించారు.

మర్నాటి నుంచి క్లాసులో అన్వరీ పక్కన ఎవరూ కూర్చోలేదు. మాస్టార్ని పట్టిచ్చిందన్న మాట వన్ టౌన్ దాకా పాకింది. హుమాయూన్ కూతురి చదువు మాన్పించాడు. మాస్టారు క్షేమమో కాదో తెలీకుండా మూడు నెలలు గడిచాయి. జనవరిలో కబురొచ్చింది. జైల్లో జ్వరం ముదిరి బాలశౌరి పోయాడు.

ఆయన భార్య తెరేసమ్మ పామర్రులో పుట్టింటికి చేరిందని తెలిసి, ఇంట్లో చెప్పకుండా బస్సెక్కింది అన్వరీ.

"అమ్మగారూ, ఆ వ్యాసం రాసింది నేనేనండీ."

తెరేసమ్మ ఆ పిల్ల మొహంలోకి చూసింది. తిడుతుందేమోనని అన్వరీ ఎదురుచూసింది. తిట్టినా బాగుండు.

"తెలుసమ్మా. నిన్నేమీ అనొద్దని ఆయన ఉత్తరం రాశారు." చేయి పట్టి పక్కన కూర్చోబెట్టుకుంది. "అన్నది ఆయన. నువ్వు విన్నది విన్నట్టు రాశావు. నీ తప్పేముంది తల్లీ?"

అసలు సంగతి చెప్పాలనే అంతదూరం వచ్చింది. చెప్పకుండానే లేచింది. తిరుగు బస్సులో కిటికీకి తల ఆనించి ఏడ్చింది.

ఆధారం కోసం మాస్టారి పేరు వేసిన ఆ వాక్యం అన్వరీ సొంతం.