ఇరవయ్యో రోజు

వైరస్ కనబడితే చేపల చెరువు గేటు దానంతటదే మూసుకుపోతుంది. ఇరవై ఒక్క రోజులు నీళ్ళు శుభ్రంగా ఉంటేగాని తెరుచుకోదు. అంతదాకా కాపలావాళ్ళూ లోపలే.

పేరంటాలుకీ మొగుడు సైదయ్యకీ ఇవాళ ఇరవయ్యో రోజు. రేపు బయటపడతామన్న సంబరంతో ఆమె ఎప్పట్లాగే ఇల్లంతా కడిగింది. గాజుతొట్టిలో పెంచుకునే ఎర్రచేపకి నీళ్ళు మార్చింది. చేప ఉన్న నీళ్ళు తొక్కకూడదని పాతనీళ్ళు చెరువులో ఒంపింది.

కాసేపటికి గట్టుమీద నీళ్ళని పరీక్షించే స్తంభం కుయ్యిమంది. "వైరస్ ఉంది. మళ్ళీ ఒకటో రోజు."

"ఇది మూడోసారే! ఎక్కణ్ణించొత్తందే ఈ రోగం?" సైదయ్య గట్టుమీద కూలబడ్డాడు.

పోయినసారీ, అంతకుముందూ ఇల్లు కడిగిన రోజే అది కూసింది. పేరంటాలు గాజుతొట్టి వంక చూసింది.

"పోన్లే, మన ఎర్రచేపన్నా బాగుంది," అన్నాడు సైదయ్య. "దాన్ని జాగర్తగా చూసుకో."