రేడియేటరుకి చిల్లు

"రాయి తగిలితే చిల్లు ముందువైపు నుంచి పడుతుందమ్మా. ఈ రేడియేటరుని ఎవరో ఇంజను వైపు నుంచి పొడిచారు," అన్నాడు మెకానిక్, పికప్ బండి లోపలికి వంగి చూస్తూ.

డ్రైవరు భార్య గేటు వైపు చూసింది. భర్త ఎదురు కొట్లో టీ తాగుతున్నాడు.

"నేనే పొడిచానన్నా, స్క్రూడ్రైవరుతో. మొన్న బండి నడుపుతూనే ఆయన కళ్లు తేలేశాడు. నేను స్టీరింగు పట్టుకోకపోతే కాలవలో పడేవాళ్లం. కునుకు పట్టిందంటాడు. డాక్టరు మాటెత్తితే ఇంతెత్తున లేస్తాడు. రేపు కూలీలందర్నీ ఎక్కించుకుని కొండ ఎక్కాలట. రిపేరు చాలా ఖర్చవుతుందని చెప్పు, నీకు పుణ్యముంటుంది."

"మొగుడూ పెళ్లాల మధ్యకి నన్ను లాగకమ్మా. లేని ఖర్చు చెప్పడం నా వల్ల కాదు."

అంతలో డ్రైవరు టీ గ్లాసుతోనే వచ్చాడు. "ఎంతవుతుంది?"

"అతుకు వేస్తే పదిహేను వందలు. సాయంత్రానికి ఇచ్చేస్తా."

డ్రైవరు చేతిలోంచి గ్లాసు జారి వేడి టీ పాదం మీద పడినా కదల్లేదు. చూపు గోడ మీద నిలిచిపోయింది. కింది పెదవి మాత్రం అదురుతోంది. భార్య అతని భుజం గట్టిగా పట్టుకుంది.

కాసేపటికి అతను రెప్పలాడించి, "చెప్పవేం, ఎంతవుతుంది?" అన్నాడు.

మెకానిక్ బానెట్ మూసేశాడు. "కొత్తది వేయాలి. ముప్పై వేలు. వారం పడుతుంది."

"అమ్మో, అంతా! సరే, అప్పటిదాకా మా బావ బస్సు నడుపుతాలే," అంటూ నవ్వాడు డ్రైవరు.

మెకానిక్ ఫోను తీసి, అతని ముందుకు స్టూలు జరిపాడు.

"ముందు కూర్చో. మీ బావ నంబరు చెప్పు."