బెల్టు పట్టుకునే మనిషి

"ఒరేయ్ ఓడెల్, వదలరా! వాడి సంగతేంటో తేల్చి వస్తాను, వదులు!"

వర్లిన్ స్ట్రౌడ్ అరుపుకి ముందు వరుసల్లో పల్లీలు నములుతున్నవాళ్లంతా పగలబడి నవ్వారు. ఆయన మైదానం అంచున ఉన్న తెల్ల గీత మీదికి ఒరిగిపోయి రిఫరీని నోటికొచ్చినట్టు తిడుతున్నాడు. వెనక ఓడెల్ ప్రూయిట్ రెండు చేతులా ఆయన బెల్టు పట్టుకుని, మడమలు గడ్డిలో దిగేసి నిలబడ్డాడు.

హెడ్ కోచ్ ట్రెంట్ మేబ్రీ తల పట్టుకున్నాడు. ఆట మొదలై ఇంకా పది నిమిషాలు కూడా కాలేదు.

కాల్డర్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి వర్లిన్ నలభై ఒక్క ఏళ్లుగా డిఫెన్స్ కోచ్. ఆరుగురు హెడ్ కోచ్‌లు వచ్చారు, పోయారు. ఆయన మాత్రం కదల్లేదు. బంతి చేత్తో పట్టుకుని దూసుకొచ్చే అవతలి జట్టుని గీత దాటనివ్వకుండా ఆపడం ఆయన పని. ఆయన్ని గీత దాటనివ్వకుండా ఆపడం ఓడెల్ పని. ఆట మధ్యలో కోచ్ మైదానంలోకి అడుగుపెడితే పసుపు జెండా పడుతుంది, జట్టుకి శిక్ష పడుతుంది. అందుకే కోపిష్టి కోచ్ ఉన్న ప్రతి జట్టూ ఇలా ఒక మనిషిని పెట్టుకుంటుంది. కాకపోతే మిగతా జట్లలో వాళ్లు ఆట ఊపందుకున్నప్పుడే పట్టుకుంటారు. ఈ ఓడెల్‌కి మాత్రం వేళాపాళా లేదు.

"జాతీయగీతం పాడేటప్పుడు కూడా ఆ బెల్టు పట్టుకోవాలటయ్యా?" అని ట్రెంట్ ఒకసారి కసిరాడు. "టోపీ గుండెల మీద పెట్టుకుని నిలబడ్డ మనిషి ఎవరి మీదికి పోతాడు?"

"ఆయన్ని నమ్మలేం సార్," అన్నాడు ఓడెల్.

పోయిన వారం కళ్లజోడు తుడుచుకుందామని ఓడెల్ ఒక్క క్షణం వదిలాడు. అంతే, వర్లిన్ ముందుకురికి రిఫరీని ఛాతీతో గుద్దేశాడు. ఇద్దరూ గడ్డి మీద పడ్డారు. జెండా పడింది, ఆట పోయింది. టీవీ వాళ్లు దాన్ని పదకొండుసార్లు చూపించారు. కాలేజీ పెద్దలు ట్రెంట్‌ని పిలిచి దులిపేశారు.

అందుకే ఇవాళ పొద్దున్న ట్రెంట్ మొహమాటం వదిలేశాడు.

"చెప్పీ చెప్పీ నా నోరు పడిపోతోంది కోచ్. మీ వయసు వాళ్లంతా పైన అద్దాల గదిలో కూర్చుని ఆట నడిపిస్తున్నారు. మీరూ కూర్చోండి."

"అక్కణ్ణుంచి నా పిల్లలకి నా మొహం కనబడదు బాబూ."

"అరవై తొమ్మిదేళ్లొచ్చాయి. ఇంకా ఈ కొట్లాటలేంటండీ? ప్రాక్టీసుకేమో రాజావారిలా చిన్న బండెక్కి ఊరేగుతూ వస్తారు. ఆట రోజున మాత్రం కోడెదూడలా ఉరుకుతారు!"

"ఏం చెయ్యను, నా రక్తం అలాంటిది."

"అయితే వినండి. ఇవాళ మీ వల్ల ఒక్క జెండా పడిందా, సోమవారం మీ గది ఖాళీ చేసి వెళ్లిపోవడమే. తమాషాకి అనట్లేదు."

వర్లిన్ టోపీ తీసి చేతుల్లో తిప్పాడు. "ఆ గీత పక్కన నిలబడ్డం తప్ప నాకింకేం చేతకాదు బాబూ," అన్నాడు. ట్రెంట్‌కి జాలి వేసింది. కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

ఆట ఆఖరికొచ్చేసరికి కాల్డర్ నాలుగు పాయింట్ల ఆధిక్యంలో ఉంది. ఇంకా ఆరు సెకన్లు. అవతలివాళ్లు గోల్ గీతకి మూడు గజాల దూరంలో ఉన్నారు; బంతితో అది దాటితే ఆరు పాయింట్లు, ఆట వాళ్లదే. వాళ్లు మరో ప్రయత్నం చేశారు. బంతి పట్టుకున్న కుర్రాడు పక్కకి విసిరేసినట్టు వచ్చి సరాసరి ఓడెల్ మోకాళ్ల మీద పడ్డాడు. గడియారం రెండు సెకన్ల దగ్గర ఆగింది.

స్ట్రెచర్ వచ్చింది. ఓడెల్ దాని మీంచి లేవబోయాడు. "సార్, బెల్టు! ఎవరైనా ఆయన బెల్టు పట్టుకోండి సార్!"

"మోకాలు విరగ్గొట్టుకుని ఇంకా ఆ బెల్టు గోలేంటయ్యా! పడుకో!"

వర్లిన్ అప్పటికే టైరెల్ అనే ఆటగాడి మెడ చుట్టూ చెయ్యి వేసి చెవిలో చివాట్లు పెడుతున్నాడు. రిఫరీ ఈల వేశాడు. టైరెల్ లోపలికి వెళ్లాలి.

"సార్, నన్ను వదలట్లేదు," అన్నాడు టైరెల్ బిక్కమొహం వేసి.

ట్రెంట్‌కి ఒళ్లు మండిపోయింది. ఇప్పుడు ఈ ముసలాయన లోపలికి ఉరికాడా, ఆటా పోతుంది, ఈయన ఉద్యోగమూ పోతుంది. పరుగున వెళ్లి తనే రెండు చేతులా బెల్టు పట్టుకున్నాడు. టైరెల్ విడిపించుకుని లోపలికి పోయాడు.

"ఎవరూ, నువ్వా బాబూ?"

"నేనే. హెడ్ కోచ్‌నై ఉండి మీ బెల్టు పట్టుకునే గతి పట్టింది నాకు! కదిలారంటే ఊరుకోను."

వర్లిన్ ముందుకి ఒరిగాడు. ట్రెంట్ భుజాలు ఊడొచ్చేలా ఉన్నాయి. ఏం బలంరా బాబూ ఈయనకి, అనుకున్నాడు. ఓడెల్ ఇన్నాళ్లూ ఎలా వేగాడో!

వర్లిన్ పిడికిలి బిగించి పైకెత్తాడు. టైరెల్ అది చూసి రెండడుగులు ఎడమకి జరిగాడు. బంతి కదిలింది. అవతలివాడు అటే దూసుకొచ్చాడు. గీతకి జానెడు దూరంలో టైరెల్ వాణ్ణి నేలకి అదిమేశాడు.

స్టేడియం దద్దరిల్లింది. బెంచీ మీది వాళ్లు, బ్యాండు వాళ్లు, నీళ్లు మోసేవాళ్లు, అందరూ మైదానంలోకి పరుగెత్తారు. ట్రెంట్ కోపమంతా ఎటు పోయిందో, చిన్నపిల్లాడిలా గెంతాడు.

"గెలిచాం కోచ్! ఇక జెండాలూ లేవు, శిక్షలూ లేవు. మీ ఉద్యోగానికి ఢోకా లేదు. ఇదిగో వదిలేస్తున్నా, ఎంత దూరం ఉరుకుతారో ఉరకండి!" అంటూ ఒక చెయ్యి తీసేశాడు.

వర్లిన్ వెనక్కి తిరగలేదు. పక్కవాళ్లెవరికీ వినబడనంత మెల్లగా అన్నాడు.

"వదలకు బాబూ, పడిపోతాను."