లొరెయిన్ కొన్న ఆరో చొక్కా

"వదినా, హ్యాన్లన్ చొక్కా కొంటావా, కొనవా? ఒక్క మాట చెప్పు," అన్నాడు స్టాన్, వేరుశనగ తొక్కలు కాళ్ళ దగ్గర రాలుస్తూ.

"కొనను," అంది లొరెయిన్.

"కొనమ్మా. రేపు సాయంత్రంతో గడువైపోతుంది. తర్వాత ఆటగాళ్ళని ఎవరికీ ఇవ్వనివ్వరు. ఆ దున్నపోతుని ఈ ఏడాదంతా మనమే మేపాలి," అన్నాడు కొడుకు గ్రెగ్.

కింద బేస్‌బాల్ మైదానంలో వాళ్ళ ఊరి హెరన్స్ జట్టు తొమ్మిది ఒకటితో ఓడిపోతోంది. ఆ ఒక్కటీ అవతలివాళ్ళు బంతి జారవిడిస్తే వచ్చింది. ఎడమవైపు కుర్చీల్లో మనుషుల కన్నా సరస్సు మీంచి వచ్చిన పక్షులే ఎక్కువున్నాయి. అయినా లొరెయిన్ ఎప్పట్లాగే చేతికి గ్లవ్ తొడుక్కునే కూర్చుంది. బంతి ఎగిరొచ్చి కొడుకు కణతకి తగులుతుందని ఆమె భయం. కొడుక్కి ముప్ఫై నాలుగేళ్ళు. ఆ గ్లవ్‌లో ఇన్నేళ్ళలో పడింది పాప్‌కార్న్ మాత్రమే.

బడి క్యాంటీన్లో వడ్డించే లొరెయిన్‌కి ఈ అంకెల లెక్కలేవీ తలకెక్కవు. ఆమె గొప్పదనం వేరు. ఆమె ఏ ఆటగాడి పేరున్న చొక్కా కొంటే, ఆ ఆటగాడు నెల తిరక్కుండా ఊరు దాటిపోతాడు. బీరువాలో ఐదు చొక్కాలున్నాయి. ఆ ఐదుగురూ ఇప్పుడు ఐదు ఊళ్ళలో ఉన్నారు. చివరివాడు పదేళ్ళకి సంతకం పెట్టాడు కదా, ఇతనికేం కాదులే అని ధైర్యంగా కొంది. పంతొమ్మిదో రోజుకి పంపించేశారు. అతని భార్య నిండు నెలలతో ఉందని పేపర్లో చదివి లొరెయిన్ వారం రోజులు నిద్రపోలేదు. క్షమించమని ఉత్తరం రాసి, అక్రోట్ రొట్టె చేసి పంపింది. కొత్త జట్టులో రోజూ గెలుస్తున్నామనీ, చాలా సంతోషంగా ఉందనీ అతను జవాబు రాశాడు. దాంతో ఆమె ఇంకో వారం నిద్రపోలేదు.

"అయినా హ్యాన్లన్‌ని ఎవరు తీసుకుంటార్రా? పదిసార్లు బ్యాటెత్తితే రెండుసార్లు తగుల్తుంది. వాడికి బదులు బస్తాడు పాత బంతులు కూడా ఇవ్వరు," అన్నాడు స్టాన్.

"సగం జీతం మనమే ఇస్తామంటే తీసుకుంటారు బాబాయ్."

"మనమంటే? నువ్విస్తావా? పదకొండేళ్ళ కిందట జట్టుని కొన్నప్పట్నుంచి మన యజమాని పైసా తీసింది లేదు. అందుకే అంటున్నా, పంపితే ఒర్టేగాని పంపాలి. బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే ముసలి క్యాచర్. గెలిచే జట్లు అలాంటివాడి కోసం కొట్టుకుంటాయి. ఇద్దరు కుర్రాళ్ళనిస్తారు."

లొరెయిన్ గ్లవ్ చెయ్యి అడ్డం పెట్టింది. "ఒర్టేగా మాటెత్తకు మరిదీ. తొమ్మిదేళ్ళుగా ఉన్నది అతనొక్కడే. ఇక్కడే రిటైరవుతానన్నాడు."

"ఇక్కడ రిటైరవడానికేముంది వదినా, మనవాళ్ళు ఏప్రిల్లో సీజన్ మొదలవగానే రిటైరైపోతారు!"

"ఆ కుర్రాళ్ళొచ్చి ఏం పొడుస్తారు? పోయినసారీ ఇద్దరొచ్చారు. ఒకడికి మోచెయ్యి పోయింది. ఇంకోడు ఇళ్ళు అమ్మిపెడుతున్నాడు."

ఒర్టేగా ఎక్కడ వెళ్ళిపోతాడోనని ఆమె అతని చొక్కా జోలికే పోలేదు. అతని బొమ్మున్న కాఫీ కప్పు గేటు దగ్గర ఊరికే ఇచ్చినా, చెయ్యి కాలినట్టు వెనక్కిచ్చేసింది. తొమ్మిదేళ్ళుగా అంత జాగ్రత్తగా కాపాడుకొస్తోంది అతన్ని.

అంతలో హ్యాన్లన్ గాలిని కొట్టి వెనుదిరిగాడు. స్టాన్ లేచి నిలబడ్డాడు.

"ఇక లాభం లేదు. నువ్వు హ్యాన్లన్‌ది కొనకపోతే, నేనే వెళ్ళి ఒర్టేగాది కొనుక్కొస్తా. నీ పుట్టినరోజు కానుక. ఇక్కడే నీ భుజాల మీద కప్పుతా."

"కానుకిస్తే పనిచెయ్యదేమోలే..." అంది లొరెయిన్.

"నాలుగోది నాన్న కొనిచ్చిందేగా అమ్మా," అన్నాడు గ్రెగ్.

లొరెయిన్ గ్లవ్ తీసి కొడుకు ఒళ్ళో పడేసింది. "కూర్చో స్టాన్. నేనే వెళ్తాను. కొంటాను. ఒర్టేగా జోలికి మాత్రం ఎవరూ వెళ్ళొద్దు."

"అదీ మా వదినంటే! హ్యాన్లన్, నంబరు నలభై నాలుగు!" అని వెనక నుంచి కేకేశాడు స్టాన్.

దుకాణం ముందు వరుస ఉంది. ఓడే జట్టు చొక్కాకి కూడా వరుసేమిటా అనుకుంది. తర్వాత తెలిసింది, వాళ్ళంతా మరుగుదొడ్డికి నిలబడ్డారని. ఆమెకి హ్యాన్లన్ తల్లి గుర్తొచ్చింది. ఎక్కడో టీవీ ముందు కూర్చుని ఉంటుంది పాపం. వాడిని తోసేస్తే ఆవిడ ప్రాణం ఎంత కొట్టుకుంటుందో. తోసేసినా ఏమవుతుంది? పదకొండేళ్ళలో ఆటగాళ్ళు మారారు, కోచ్‌లు మారారు, ఆఖరికి హాట్‌డాగ్ రొట్టె కూడా మారింది. ఓటమే మారలేదు.

"ఎవరి పేరు వెయ్యమంటారు?" అంది కౌంటర్లో అమ్మాయి.

లొరెయిన్ చెప్పింది.

ఆ అమ్మాయి తలెత్తి చూసింది. "నిజంగానా?"

"నిజంగానే. అతనికి పిల్లలున్నారా?"

"పెద్దవాళ్ళయిపోయారండీ."

"హమ్మయ్య," అంది లొరెయిన్. ఈయన ఎక్కడికెళ్ళినా తిండికీ ఇంటికీ లోటుండదు. అయినా రొట్టె ఒకటి పంపాలి.

అక్కడే చొక్కా తొడుక్కుని మెట్లు దిగసాగింది. రెండు వరుసలు దాటిందో లేదో, పైనెవరో చప్పట్లు కొట్టారు. తర్వాత ఇంకెవరో లేచి ఈల వేశారు. ఆమె దిగుతున్నకొద్దీ వెనక వరుసకి వరుసే లేచి నిలబడింది. స్టాన్ ఉలిక్కిపడి మైదానం వైపు చూశాడు, మనవాళ్ళేమైనా కొట్టారేమోనని. ఎవరూ ఏమీ కొట్టలేదు.

"ఎవరిదమ్మా? హ్యాన్లన్‌దేనా?" అన్నాడు గ్రెగ్.

"ఒర్టేగాది కాదు కదా వదినా?" అన్నాడు స్టాన్, తనే బెదిరించి, తనే బెదిరిపోతూ.

లొరెయిన్ వెనక్కి తిరిగి నిలబడింది.

వీపు మీద జట్టు యజమాని పేరుంది.