చుక్కల దుమ్ము

"సారూ, ఆ పళ్లెం ఇప్పుడే దించుండ్రి! లేకుంటె ఇల్లు ఖాళీ చెయ్యుండ్రి!"

మిద్దె మెట్ల మీద నిలబడి లక్ష్మీనర్సమ్మ అరుస్తోంది. సుబేదారి వాడలో ఆ ఇల్లు ఆమెది. పై వాటాలో కిరాయికి ఉండే సారంగపాణి కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. నెల రోజులుగా పింగాణీ పళ్లెంలో నీళ్లు పోసి మిద్దె మీద పెడుతున్నాడు. రోజూ పొద్దున ఆ నీళ్లలో అయస్కాంతం తిప్పి, అంటుకున్న నల్లటి నలుసుల్ని సీసాలోకి ఎత్తుతున్నాడు.

"చేతబడి, బాణామతి చేస్తాండని వాడకట్టంత చెప్పుకుంటాండ్రు," అందామె.

సారంగపాణి కళ్లజోడు తీసి మొహం తుడుచుకున్నాడు. ఈ సంగతి చెప్పుకోవడం ఇది మూడో ఇంట్లో.

"బాణామతి కాదమ్మా. ఆకాశంకెల్లి రోజూ సన్నటి దుమ్ము రాల్తది. దాన్నే పట్టుకుంటాన్న. మొదట్ల, కొత్తగ పుట్టిన చుక్కల గుంపులల్ల ఈ దుమ్మే లేకుండె. చుక్కలు మండి మండి సచ్చినంకనే..."

"సచ్చినంక?"

"ఔ. సచ్చిన చుక్కల దుమ్మే ఇది. మన నెత్తుట్ల ఇనుము సుత ఆడికెల్లి వచ్చిందే."

లక్ష్మీనర్సమ్మ రెండు మెట్లు వెనక్కి దిగింది. "సచ్చినోళ్ల బూడిద తెచ్చి నా ఇంటి మీద పెట్టిండ్రా! రేపు పొద్దుగూకెటాళ్లకు ఖాళీ చెయ్యాలె!"

మర్నాడు వాకిట్లో రిక్షా ఆగింది. సారంగపాణి పుస్తకాలు కట్టలు కడుతున్నాడు. భార్య సుగుణ గోడకానుకుని కూర్చుంది.

"ఏడాదిల మూడిండ్లు," అంది. "నల్లా కాడ నలుగురు ఎరుకయ్యెటాళ్లకు మల్ల సామాను కట్టుడే. నాతోని కాదిగ."

"ఈ పని బంద్ చెయ్యాల్నా?"

సుగుణ అతని మొహంలోకి చూసింది. "వద్దు," అని బిందె చంకన పెట్టుకుని కిందికి దిగింది. చాలాసేపు పైకి రాలేదు.

ఆమెకంటే ముందు లక్ష్మీనర్సమ్మే వచ్చింది. చేతులు జోడించింది.

"మీ ఇంటామె అంత సమజ్ చేసింది. మీరు ఏడికి పోవద్దు సారూ. పళ్లెం ఆడనే పెట్టుకోండ్రి. ఎన్నేండ్లన్న ఉండుండ్రి." రిక్షావాణ్ణి కూడా ఆమే పంపేసింది.

సారంగపాణి పుస్తకాల కట్ట మీదే కూలబడ్డాడు. ఇన్నాళ్లకు ఒక్కరికైనా సైన్సు తలకెక్కింది. అంతలో సుగుణ నీళ్ల బిందెతో పైకి వచ్చింది.

"మూడిండ్లల్ల చెప్పినా నాతోని కాలే. నువ్వెట్ల సమజ్ చేసినవ్ సుగుణా?"

సుగుణ గిన్నెలు మళ్లీ అల్మారాలో పెడుతూ, తల తిప్పకుండానే అంది:

"మీరు ఈడ ఉన్నన్ని దినాలే ఆ బూడిద మీ మాటింటది, మీరు పోయిన్నాడు ఎవ్వలి మాట ఇనదని చెప్పిన."