గోరువెచ్చని చోటు

"బావా, దీన్నిగానీ పొయ్యి మీద పెట్టావా?" అన్నాడు బావమరిది, లాప్‌టాప్ అడుగు రేకు విప్పుతూ. లోపల బ్యాటరీ దిండులా ఉబ్బి ఉంది.

"నేనా! కన్నబిడ్డలా చూసుకుంటుంటే!"

బావమరిది మూత మీదున్న గుండ్రటి తెల్లమరకను గోటితో గీకి వాసన చూశాడు.

"పెరుగు!"

ఇద్దరూ వంటింటి గుమ్మంలో నిలబడ్డ ఇల్లాలి వైపు తిరిగారు.

"ఈ చలికి పాలు తోడుకుంటేనా?" అందామె చేతులు తుడుచుకుంటూ. "మీరేమో రాత్రంతా ఏదో డౌన్‌లోడ్ పెట్టి పడుకుంటారు. ఆ వేడి ఊరికే పోవడమెందుకని దాని మీద గిన్నె పెట్టి, దుప్పటి కప్పేదాన్ని."

"దుప్పటా! ఇల్లు తగలబడేదే అక్కా!"

ఆమె ముఖం పాలిపోయింది. భర్త ముఖం ఎర్రబడింది.

"ముష్టి పెరుగు కోసం నా లాప్‌టాప్‌ని బలిపెడతావా?"

"గడ్డపెరుగంటే ఇదీ అంటూ రోజూ మారు వేయించుకోలేదూ?" ఆమె గొంతు తగ్గింది. "పెళ్లయినప్పటినుంచి నా వంటలో మీరు బాగుందన్నది అదొక్కటే."

బావమరిది ఉన్నట్టుండి స్క్రూలు ఏరుకోవడంలో మునిగిపోయాడు. భర్త ఆ తెల్లమరకను చొక్కా అంచుతో మెల్లగా తుడిచాడు.

కొత్త బ్యాటరీ వచ్చిన రాత్రి అతను లాప్‌టాప్‌ను ఆర్పేసి పడుకున్నాడు.

మర్నాడు గిన్నెలో ఉన్నది పాలూ కాదు, పెరుగూ కాదు. గరిటెలోంచి నీళ్లలా జారింది. ఆమె తల దించుకుని వడ్డించింది.

అతను ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మింగడానికి కాస్త కష్టపడ్డాడు.

"ఇంకాస్త వెయ్యవూ," అన్నాడు కంచం ముందుకు జరుపుతూ.