పేచీల పెద్దమ్మ

జామ్ సీసా మీద ఆమె గీస్తున్న నీలిగీత పక్కకి జారిపోయింది.

కుంచె విసిరికొట్టింది.

ప్రమాదంలో కుడిచేతి నరాలు దెబ్బతిన్నాక వేళ్లు మాట వినడం మానేశాయి. ఆసుపత్రిలో వ్యాయామాలు చేయిస్తామన్నారు. "రబ్బరు బంతి నొక్కడానికి నేనేం చంటిపిల్లనా?" అని ఆ గడపే తొక్కలేదు.

పాత సీసాలకు రంగులు వేసి అమ్మడం మాత్రం మానలేకపోయింది.

గుమ్మంలో ఎవరో పెద్దావిడ.

"ఆ సీసా ఇస్తావా అమ్మా?"

"గీత వంకరపోయిందండీ."

"పోనీలే. నేను మాత్రం తిన్నగా నడుస్తున్నానా?"

కొనుక్కుని, ఇంకోటి కావాలంది. "ఈసారి ఆకులు వెయ్యి."

వారం తిరక్కుండా వచ్చింది. ఆకులు చూసి పెదవి విరిచింది.

"ఆకులా, విసనకర్రలా? ఇంకా చిన్నవి కావాలి."

చిన్నవి వేస్తే, మొగ్గలు కావాలంది. మొగ్గలు వేస్తే, వాటి చుట్టూ ఆవగింజంత చుక్కలు కావాలంది.

"పేచీల పెద్దమ్మ మళ్లీ దిగింది," అని భర్త చెవిలో గొణిగేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఒకరోజు ఆమెకు ఓపిక చచ్చిపోయింది.

"ఏది వేసినా మీకో వంక! ఇంత నస నావల్ల కాదు. ఇక రాకండి!"

పెద్దావిడ నొచ్చుకోలేదు. సీసాని వెలుతురుకేసి తిప్పి, చుక్కలన్నీ చూసింది.

"బాగా కుదిరాయి తల్లీ. ఇక రానులే."

నిజంగానే రాలేదు.

కొన్నాళ్లకు భర్త పోరగా పోరగా ఆయనతో ఆసుపత్రికి వెళ్లింది. డాక్టరు సూదిలో దారం ఎక్కించమన్నాడు. ఎక్కించింది.

"వేళ్లకి ఇంత పట్టు ఎలా వచ్చిందమ్మా?"

"ఏమోనండీ. ఒక పెద్దావిడ చిన్న ఆకులు, ఇంకా చిన్న మొగ్గలు అంటూ నా ప్రాణం తోడేసేది. అంతే."

డాక్టరు ఆమె భర్త వైపు చూశాడు. ఆయన తల దించుకున్నాడు.

"ఆవిడ నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు," అన్నాడు భర్త. "తెలిస్తే కుంచె కూడా పక్కన పడేస్తావని."

ఆమె కుర్చీలోంచి లేచింది.

"ఎవరావిడ? ఎక్కడుంటారు? నన్ను తీసుకెళ్లండి. నేను... రావద్దన్నాను."

"పోయిన నెలలో కన్నుమూశారమ్మా," అన్నాడు డాక్టరు మెల్లగా. "ఈ ఆసుపత్రిలో ఎన్నో చేతులకి మళ్లీ కదలిక నేర్పింది ఆవిడే. మీరు ఇక్కడికి రానన్నారని, తనే బేరానికి వచ్చినట్టు మీ గుమ్మంలోకి వచ్చారు."